మెత్తని బ్రష్

పాత కంప్యూటర్లు బాగుచేసే ఈ మెకానిక్‌కి సాటి మనుషులంటే మహా రోత. ఎవరైనా చెయ్యి కలపబోతే దూరం నుంచే నమస్కారంతో సరిపెడతాడు. భార్య తాగిన గ్లాసునైనా తోమనిదే ముట్టడు. ఆ ఉదయం ఆవిడ లేవకముందే వంటింటి గట్టు మీద ఒక ముసలి కంప్యూటర్ డొక్క విప్పాడు. చెడిపోయిన ఫ్లాపీ డ్రైవ్‌ని లాగితే బొద్దింక రెక్కలు, ఎలుక పెంటికలు, జిడ్డు పట్టిన వెంట్రుకలు రాలాయి. "ఛీ, మనుషులా పశువులా!" అని ముక్కు చిట్లించాడు. బదులుగా తెచ్చిన పాత డ్రైవ్ అంతకన్నా అధ్వాన్నం. దాన్ని బ్రష్ పెట్టి సందుసందునా తోమి, బిగించి, కరెంటు ఇస్తే దాని లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది. కేబుల్ తిరగేసి పెట్టానని తిట్టుకుని, సరిచేశాడు. డ్రైవ్ గరగరలాడి ఫ్లాపీని చదివింది. తృప్తిగా సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. అంతలో భార్య పళ్లు తోముకుంటూ వచ్చింది.

"ఏమండీ, ఈ బ్రష్ ఏంటి, ఏదో కంపు కొడుతోంది?"

"కడిగే పెట్టానే! నాది గరుకు, డ్రైవ్ లోపల గీసుకుపోతుంది. నీదైతే మెత్తగా ఉంటుందని..."

ఆవిడ ఒక్క అంగలో సింకు దగ్గరికి వెళ్లి భళ్లున కక్కుకుంది.

అతను ముక్కు మూసుకున్నాడు. "ఛీ ఛీ! అంట్ల మీద కక్కుతారా ఎవరైనా?"