ఎవ్వరికీ లేని పేరు

మా బిడ్డకు ఎవ్వరికీ లేని పేరు పెట్టాలని పట్టు పట్టిన. మొయినాబాద్‌ల మా అక్క బిడ్డ చదివే బడి గేటు ముందల నిలబడి ఒక్క పేరు పిలిస్తే నలుగురు పిల్లలు తిరిగి చూస్తరు. గా గుంపుల నా బిడ్డ ఎందుకుండాలె? చుట్టాలు చెప్పిన పేర్లన్నీ కొట్టేసిన. ఫోన్ల ఎతికి ఎతికి, చేవెళ్ల మొత్తం తిరిగినా దొరకని పాత పేరు ఒకటి పట్టిన. ఎవరన్న ముందుగాల పెట్టుకుంటరేమోనని మా ఆయనకు, ఆయన చెల్లెకు తప్ప ఎవ్వరికీ చెప్పలే.

చేవెళ్లల మా తల్లిగారింట్ల బిడ్డను తొట్టెల్ల ఏసినం. మా ఆయన చెల్లె, అంటే బిడ్డ మేనత్త, వంగి చెవిల పేరు చెప్పింది. తర్వాత అందరికీ వినపడేటట్టు గట్టిగ పిలిచింది.

"ఆఁ!" అని పలికింది, మూలకు కూసున్న మా అవ్వ. మా బాపును కన్నతల్లి.

అందరం బిత్తరపోయినం. "నిన్నెవరు పిలిచిండ్రే అవ్వా?" అన్నడు బాపు.

"అది నా పేరేరా! మా కాలంల ఇంటింటికి గదే పేరుండె. నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చేసరికి నువ్వు పుట్టకముందే సచ్చిపోయిన మా ఆడబిడ్డకు సుత గదే పేరు. ఒక్కింట్ల ఇద్దరెందుకని పెండ్లినాడే నా పేరు మార్చిండ్రు."

ఆధార్ కార్డుల సుత ఆ మార్చిన పేరే ఉన్నది. కన్నతల్లి పేరు ఇన్నేండ్లు మా బాపుకే తెల్వకపాయె!

అవ్వ మాత్రం తొట్టెల దిక్కు చూసుకుంట మేనత్తతోని అన్నది:

"జర మల్లొక్కసారి పిలువు, బిడ్డా."