నాన్న నమ్మిన ఐస్ హాకీ

మా నాన్న రైళ్లలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా అలవాటు వదల్లేదు. ఎవరినీ నమ్మడు. పాలవాడు వస్తే పాలలో వేలు ముంచి చూస్తాడు. ఎవరైనా శుభలేఖ ఇస్తే ముందు వెనక్కి తిప్పి ఏ ప్రెస్సులో అచ్చయిందో చదువుతాడు. చిన్నప్పుడు నేను ట్యూషన్ నుంచి ఆలస్యంగా వస్తే కోప్పడేవాడు కాదు, తీరిగ్గా మూడు ప్రశ్నలు అడిగేవాడు. "రెండో దానికి తడుముకుంటారు, మూడో దానికి దొరికిపోతారు" అని అమ్మతో గొప్పగా చెప్పుకునేవాడు.

అలాంటి మనిషి ముక్కూమొహం తెలియని ఒకావిడని నమ్మాడు. నాకు భయం వెయ్యక ఏం చేస్తుంది?

ఇది ఈ మధ్య జరిగిన సంగతే. నేను ఇక్కడే రైల్వే ఆఫీసులో క్లర్కుని. ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టరు నా పేరు మీద ఉంది, అమ్మా నాన్నా నాతోనే ఉంటారు. ఒక ఆదివారం నాన్న వరండాలోంచి పిలిచాడు.

"పాపా, ఇటు రా. ఇదేటో సూడు."

ఫోన్లో తెల్లటి మంచు మీద ఆడపిల్లలు హాకీ ఆడుతున్నారు. తలకి హెల్మెట్లు, బూట్ల అడుగున కత్తుల్లాంటి ఇనుప బద్దలు, ఒంటి మీద నీలం జెర్సీలు. జెర్సీల మీద ఇండియా అని రాసి ఉంది.

"మన దేశానికి ఐసు మీద హాకీ ఏటి? అదీ ఆడపిల్లలు! ఎవుడో తమాసాకి సేసినాడు. ఇప్పుడు కంప్యూటర్లో అన్నీ సేసెస్తన్నారు కదా."

"నిజమే అయ్యుంటుంది నాన్నా. లద్దాఖ్ వైపు ఆడతారేమో."

"నీకు తెల్దు. నాను పట్టుకుంటానుండు."

పట్టుకోవడం అంటే, ఆ వీడియో కింద హిందీలో 'ఇది ఫేక్' అని రాశాడు. సాయంత్రానికి ఎవరో ఒకావిడ జవాబిచ్చింది. "భాయ్ సాబ్, ఫేక్ ఉన్నది మీ కళ్లలో. ఈ పిల్లలు గడ్డకట్టిన చెరువు మీద ఆట నేర్చుకోవడం నేను స్వయంగా చూశాను."

నాన్నకి రోషం వచ్చింది. ఎప్పుడు చూశావు, ఎక్కడ చూశావు, నువ్వక్కడ ఏం చేస్తున్నావు అని వరసగా రాశాడు. ఆవిడ అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. భర్త మిలిటరీలో ఉండగా లేహ్‌లో కొన్నేళ్లు ఉన్నారట. మగపిల్లలు ఆడి వెళ్లిపోయే దాకా ఆడపిల్లలు గట్టు మీద వణుకుతూ నిలబడేవారట. తర్వాత అన్నల బూట్లు తొడుక్కుని, పెద్దవైతే ముందు గుడ్డలు కుక్కుకుని, మంచు మీదికి దిగేవారట. ఇప్పుడు భర్త లేడు. బెంగాల్ కొండల్లో, కాలింపాంగ్‌లో కొడుకు దగ్గర ఉంటోంది.

ఆ మాటల్లో తప్పు పట్టుకోవాలని నాన్న ఆ జట్టు పాత మ్యాచ్‌లన్నీ వెతికి చూశాడు. తప్పు దొరకలేదు గానీ ఆట దొరికింది. కొన్ని వారాల్లో ఎవరి జెర్సీ మీద ఏ నంబరో ఆయనకి కంఠతా వచ్చేసింది. గోల్‌కీపర్ని "మా పిల్ల" అనేవాడు. క్రికెట్ వస్తే టీవీ కట్టేసేవాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగానే ఉండేది. నెల తిరక్కుండా ఆవిడ దగ్గర్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నాన్న చెవుల్లో వైర్లు పెట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. మధ్యలో నవ్వు వినబడేది. నాన్న అలా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు.

అమ్మ వంటింట్లోంచి తల బయటికి పెట్టింది. "ఎవుర్తే అది?"

"ఎవరో ఆట అభిమాని అటమ్మా."

"ఏ ఆటో సూసుకోమను. ఈ వయసులో తలుపేసుకుని ఏటా నవ్వు?"

అమ్మ అనుమానం ఒకటి, నా అనుమానం ఇంకొకటి. మా సెక్షన్లో ఒకాయన పెద్దనాన్నని ఎవరో ఫోన్లోనే తియ్యగా మాట్లాడి నిలువునా ముంచారు. మొదట కుశలం అడుగుతారు, తర్వాత ఇంటి సంగతులు అడుగుతారు, ఆ తర్వాత అసలు పని మొదలుపెడతారు అని ఆయన మాకు విడమరిచి చెప్పాడు. ఒకరోజు బట్టలు మడతపెడుతుంటే నాన్న గొంతు వినబడింది. హిందీలో చెబుతున్నాడు. "మా ఇల్లు స్టేషన్‌కి దగ్గరే. రిక్షా ఎక్కే పని కూడా లేదు... ఇంట్లోనా? ముగ్గురం. మా అమ్మాయి పొద్దున్న ఆఫీసుకి పోతే సాయంత్రమే వస్తుంది."

నా చేతిలో చీర అలాగే ఉండిపోయింది. ఎక్కడో కొండల్లో ఉన్న మనిషికి మా ఇల్లు స్టేషన్‌కి ఎంత దూరమైతే ఏం? నేను ఇంట్లో ఎప్పుడు ఉండనో ఆవిడకెందుకు?

నాన్న స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ తీసి చూశాను. ఆవిడ ఫొటో ఉండాల్సిన చోట మంచు కొండ ఉంది. మొహం లేదు. మర్నాడు ఆఫీసు ఫోన్లోంచి ఆ నంబరుకి చేశాను. ఆడగొంతు వస్తుందనుకుంటే మగగొంతు వచ్చింది.

"కౌన్? ఎవరు కావాలి? ఎక్కడి నుంచి చేస్తున్నారు?"

రాంగ్ నంబరని చెప్పి పెట్టేశాను. ఇప్పటికీ అది తప్పు పని అనుకోను. ఆవిడ నంబరు వెనక మగవాడు ఉన్నాడు, మాట కరుగ్గా ఉంది. సెక్షన్లో ఆయన చెప్పినవన్నీ ఒకటొకటిగా సరిపోతున్నాయనిపించింది.

మర్నాడు రాత్రి అన్నాల దగ్గర నాన్నని ఆయన పద్ధతిలోనే అడిగాను.

"ఆవిడ మొహం ఎప్పుడైనా చూశావా?"

"సూడలేదు. ఆట సూస్తాం గానీ మొకాలు సూసుకుంటామేటి?"

"మన ఇల్లు ఎక్కడో ఆవిడకెందుకు?"

"ఎల్లూరు ఆస్పత్రికి ఎల్తన్నాది. గొంతు కాడ గడ్డ ఉన్నాదంట, సూపించుకోడానికి. హౌరాలో ఎక్కితే మన టేసన్ మీదుగా ఎల్లాల కదా. బండి ఆగినప్పుడు అన్నం అట్టుకెల్లి ఇద్దారని."

"మరి ఆవిడ ఫోన్ మగవాడు ఎందుకు తీస్తున్నాడు?"

నాన్న చెయ్యి కంచంలో ఆగింది. "నీకెలా తెలుసు?"

మూడో ప్రశ్నకి దొరికిపోయింది నేనే.

"ఆల కొడుకు," అన్నాడు నాన్న నెమ్మదిగా. "నిన్న ఎవుర్తో ఆడమనిసి ఫోన్ సేసి పెట్టీసినాదంట. ఫోన్లో రైల్వే నంబరని పడినాదంట. అప్పుణ్ణుంచి ఆ కుర్రోడు నన్ను నమ్మడం మానేసినాడు. ఆలమ్మకి తోడు వస్తన్నాడు."

అమ్మ మధ్యలో అందుకుంది. "అన్నం ఎవులు వొండాల? నానేనా?"

తిడుతూనే వండింది. పులిహోర, వంకాయ కూర, ఆవకాయ విడిగా. "ఆలు తింటారో తినరో, మన పరువు మనది" అంది.

బండి వచ్చే రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. వద్దన్నాడు, నేను వినలేదు. ప్లాట్‌ఫారం మీద వాళ్ల బీ-టూ బోగీ ఎక్కడ ఆగుతుందో నాన్న ఎవరినీ అడగకుండా వెళ్లి అక్కడ నిలబడ్డాడు. బండి వచ్చింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. వాటర్ బాటిళ్ల కోసం ఇద్దరు దిగారు, చాయ్‌వాలా ఎక్కాడు. మంచు కొండల మనిషి జాడ లేదు.

"చూశావా నాన్నా?" అన్నాను.

నాన్న నా మాట వినిపించుకోలేదు. అన్నం సంచీ పట్టుకుని బోగీ ఎక్కేశాడు. వెనకే నేనూ ఎక్కాను. చెప్పిన బెర్తు దగ్గరికి వెళ్లేసరికి ముప్పై ఏళ్ల అబ్బాయి ఒకడు దారికి అడ్డంగా లేచి నిలబడ్డాడు.

"ఆప్ కౌన్?"

ఆ గొంతు నేను గుర్తుపట్టాను. నాన్న తన పేరు చెప్పాడు.

"ఏదైనా కార్డు చూపిస్తారా?"

నాకు ఒళ్లు మండింది. జీవితమంతా ఇలాంటి నడవల్లో నిలబడి అందరినీ కార్డు అడిగిన మనిషిని ఇప్పుడు వీడు అడుగుతున్నాడు. నాన్న మాత్రం నొచ్చుకోలేదు. జేబులోంచి పెన్షనరు కార్డు తీసి ఇచ్చాడు. ఆ అబ్బాయి కార్డు మీది ఫొటో చూశాడు, నాన్న మొహం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. నాన్న కళ్లలో మెచ్చుకోలు కనబడింది.

అబ్బాయి వెనక నుంచి ఒక పొట్టి మనిషి లేచింది. అంత ఉక్కలోనూ మెడకి ఉన్ని మఫ్లర్ చుట్టుకుని ఉంది. ఆవిడా వెంటనే నమ్మలేదు.

"నాకు మీరు మొట్టమొదట రాసిన మాట ఏమిటి?" అని అడిగింది.

నాన్న తల దించుకున్నాడు. "ఫేక్ అని."

ఆవిడ పకపకా నవ్వింది. కొడుకు నవ్వలేదు. నా వైపు తిరిగి, "రైల్వే నంబరు నుంచి ఫోన్ చేసింది మీరేనా?" అన్నాడు.

"మీ అమ్మగారి ఫోన్ మీరెందుకు తీశారు?" అన్నాను నేను.

మేమిద్దరం అలా ఒకరినొకరు చూసుకుంటుంటే, ఆ ఇద్దరూ మా సంగతే మరిచిపోయి థాయిలాండ్ చేతిలో ఓడిపోయిన మ్యాచ్ గురించి మొదలెట్టేశారు. ఎదుటివాళ్ల గోల్ ఒకటి చెల్లదని నాన్న, చెల్లుతుందని ఆవిడ. బండి కుదుపుతో కదిలే దాకా తెగలేదు. అబ్బాయి చేతిలో సంచీ పెట్టి పరుగున దిగిపోయాం.

రాత్రి ఆవిడ మెసేజ్ పెట్టింది. భోజనం చాలా బాగుందట. ముందు కొడుకు తిని కాసేపు ఆగాకే తనని తిననిచ్చాడట. నాన్న అది చదివి వినిపించి నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"ఓలమ్మో! నానేటి ఇసం ఎట్టీసినానా? ఇంకోపాలి నన్ను వొండమనకండి."

ఆవిడ వెల్లూరు లాడ్జిలో ఉండగానే మన జట్టుకి ఇంకో మ్యాచ్ వచ్చింది. ఎండలు కాసే దేశంలో గోడల మధ్య కట్టిన ఐసు మైదానం. మధ్యాహ్నం నాన్న ఫోన్‌ని సీసాకి ఆనించి పెట్టాడు. అమ్మ దూరంగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఓరగా చూస్తోంది. ఆట ఎంత వేగంగా ఉందంటే ఆ నల్ల బిళ్ల ఎటు పోతోందో నాకు అసలు కనబడలేదు. మన పిల్ల ఒకతె జారి అంచు గోడకి కొట్టుకుంది.

"ఓలి తల్లీ!" అమ్మ చేట వదిలేసింది. "ఆ పొడుగుది తోసినాది, నాను సూసినాను. ఆ సారల సొక్కా ఆయన ఏటి సేస్తన్నాడు? ఆలకి అమ్ముడుపోనాడా?"

"రిఫరీ మీద నాకూ అనుమానమే," అన్నాడు నాన్న.

ఆ రోజు మనవాళ్లే గెలిచారు. మంచు మీద ఒకళ్ల మీద ఒకళ్లు పడిపోయి ఆ పిల్లలు ఏడుస్తుంటే నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వెల్లూరు నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి ఆయన గదిలోకి వెళ్లలేదు, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు. అవతల ఆవిడ అరుస్తోంది, వెనక నుంచి కొడుకు "అమ్మా, గొంతు!" అని కసురుతున్నాడు.

గడ్డ ప్రమాదమైనది కాదని డాక్టర్లు తేల్చారు. తిరుగు ప్రయాణం రోజున నాన్నకి జ్వరం. అమ్మ అంత మాట అన్నా మళ్లీ వండింది. నేనొక్కదాన్నే స్టేషన్‌కి వెళ్లాను. ఈసారి ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది. నన్ను చూసి, నా వెనక చూసి, ప్లాట్‌ఫారం రెండు వైపులా చూసింది.

"భాయ్ సాబ్ ఏరీ?"

"జ్వరం ఆంటీ. పడుకున్నారు."

ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది. "నిజంగా జ్వరమేనా? మీరు వద్దన్నారా?"

ఇంటికి ఫోన్ కలిపాను. అమ్మ తీసింది. "ఇప్పుడే కునుకు పట్టినాది, లేపను" అంది. ఆ తెలుగు ముక్క ఆవిడకి అర్థం కాలేదు. నేను హిందీలో చెబితే తల ఊపింది గానీ, ఆ ఊపులో నమ్మకం లేదు. కొడుకు మాత్రం నన్ను చూసి మొదటిసారి చిన్నగా నవ్వాడు. సంచీ అందుకుని, "మీ అమ్మగారికి థాంక్స్ చెప్పండి. నేను ముందు తినను" అన్నాడు. బండి కదిలింది. ఆవిడ తలుపు పట్టుకుని నన్నే చూస్తూ వెళ్లిపోయింది.

సాయంత్రం నాన్న లేచి ఫోన్ చేశాడు. నేను పక్కనే మాత్రలు, నీళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ ఏమందో నాకు వినబడలేదు.

"లేదు లేదు, జ్వరమే," అన్నాడు నాన్న హిందీలో. "మా అమ్మాయి అలాంటిది కాదు." ఒక్క క్షణం ఆగి, నన్నొకసారి ఎగాదిగా చూసి, "కాదనే అనుకుంటున్నాను" అన్నాడు.