అందరూ ఎక్కేదాకా ఆగే బస్సు

పక్కవాడి పలకలోకి చూసి రాయడం కూడా దొంగతనమే అని పిల్లలకు చెప్పే టీచర్ని నేను. అలాంటిది మా ఇంట్లోనే దొంగ గేమ్ ఉంది. తెచ్చింది మా ఆయన, ఉంచింది నేను.

ఆయన పాడేరు నుంచి మా కొండ ఊళ్లకు సర్వీసు జీపు నడిపేవారు. ఎడమ కన్ను పూర్తిగా మసకబారాక, ఇక ఘాట్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. జీపు అమ్మేశాం. ఆ తర్వాత ఆయన సంతకు వెళ్లడం మానేశారు. జీపులన్నీ వరసగా నిలబడేది అక్కడే మరి. ఇంట్లో మాటా తగ్గిపోయింది. కాఫీ గింజలు ఎండబోసిన పట్టా పక్కన కూర్చుని, కోళ్లను కూడా తోలకుండా రోడ్డు వైపే చూసేవారు. మనిషి నా కళ్ల ముందే కరిగిపోతున్నారని భయం వేసింది.

ఒకరోజు నా ఫోన్ బాగు చేయించడానికి పాడేరు వెళ్లి, పెన్‌డ్రైవ్‌లో బస్సు నడిపే గేమ్ ఎక్కించుకుని వచ్చారు. షాపువాడు ఊరికే ఇచ్చాడట. నా పాత ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, బాణం గుర్తుల మీద వేళ్లు ఆనించి కూర్చున్నారు. తెర మీద ఏదో దేశపు కొండ రోడ్డు. ప్రతి మలుపులోనూ హారన్. లోయ పక్కకు వచ్చేసరికి ఒళ్లు కూడా కొండ వైపుకు వంచేవారు. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయేదాన్ని.

అయితే స్టాపులో బస్సు ఆపితే ఒక పట్టాన తీసేవారు కాదు. మా జీపులకు టైము ఉండదు. సంతకు వచ్చిన మా ఊళ్లవాళ్లంతా ఎక్కితేనే కదులుతాయి. ఆయన ఆ తెల్లదొరల బస్సుని కూడా అలాగే ఆపి కూర్చునేవారు. కాపీ చేసినవాడెవడో అందులో టైము లెక్క పీకేశాడట, ఎంతసేపు ఆపినా ఏమీ అనదు. ఖాళీ సీట్లు చూపించి, ఇంకా ఎవరొస్తారని అడిగాను.

“సంతకొచ్చినోల్లు ఇంకా బేరాల మీదుంటారే. బేగెల్లిపోయి ఏటి సేత్తాం?” అన్నారు.

చాలా రోజుల తర్వాత ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సంతోషంలో నాలోని టీచరు నిద్రలేచింది. ఎవరో కష్టపడి చేసింది ఊరికే వాడుకోవడమేమిటని, విశాఖకు ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు అసలు గేమ్ కొని, అక్కడి నెట్‌తోనే దించుకుని తెచ్చాను. ఇంట్లో తెరిస్తే మళ్లీ నెట్ కావాలంది. మా ఊళ్లో సిగ్నల్ కోసం చర్చి వెనక మెట్ట ఎక్కాలి. సరే, ల్యాప్‌టాప్ నేను మోసుకుని, గొడుగు ఆయన పట్టుకుని ఎక్కాం. గేమ్ తెరుచుకుంది. బొమ్మలు ఇంకా అందంగా ఉన్నాయి. ఇంజను చప్పుడు అచ్చం నిజం. ఆయన మొదటి స్టాపులో ఆపి, అలవాటుగా చేతులు కట్టుకున్నారు. కాసేపటికి తెర ఎర్రబడింది. ఆలస్యం చేసినందుకు ట్రిప్పు రద్దు. రెండోసారీ అంతే. ఇంగ్లీషులో ఏం రాశారని అడిగితే చదివి చెప్పాను.

ఆయన మెల్లగా ల్యాప్‌టాప్ మూత వేశారు. “నాకు బండి నడపడం రాదంతంది,” అన్నారు.

డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆ ముఖం అలా వాడిపోలేదు. నాకు ఒళ్లు మండింది. జనం డబ్బు మిగుల్చుకోవడానికే కాపీ గేములు వాడతారని అనుకునేదాన్ని. చాలామంది సంగతి అదే కావచ్చు. కానీ డబ్బు పెట్టి తెచ్చిన గేమ్ మా గుమ్మంలో నిలబడి నెట్ ఉందా అని అడిగింది. ఊరికే వచ్చింది చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చుంది. చేసినవాళ్లకు చేరాల్సింది చేరింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఇంటికెళ్లగానే కాపీదే తెరిచి ఆయన ముందు పెట్టాను.

కొన్నాళ్లు ఆయన దాని జోలికి పోలేదు. ఒక ఆదివారం వాన పట్టింది. నేను పొయ్యి దగ్గర అంబలి కలుపుతుంటే ముందు గదిలో ఇంజను చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే బస్సు నిండా జనం. తలుపులు తెరిచే ఉన్నాయి, ఆయన కదలరు. నిండిపోయింది కదా, ఇంకెవరి కోసమని అడిగాను.

తెర మీంచి చూపు తిప్పకుండా, పక్కనున్న స్టూలు మీది బట్టలు తీసి కింద పెట్టారు.

“ఇన్నేల్లూ నిన్ను జీపులో ఎనక మూటల మీదే కూకోబెట్టాను. ఇయ్యాల ముందుకి రా,” అన్నారు.

చేయి కొంగుకు తుడుచుకుని ఆయన పక్కన కూర్చున్నాను. అప్పుడు తలుపులు మూసి బస్సు తీశారు.