గుత్తిలో ఎక్కని కాటా

గుత్తిలో మస్తాన్ అనే మెకానిక్ నా కొండ సైకిల్ ఫోర్కును పాడుచేశాడని రెండేళ్ల క్రితం మా బెంగళూరు సైకిల్ గ్రూపులో రాశాను. అది అబద్ధం.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఆ ఫోర్కులో, కుదుపులు తగలకుండా, స్ప్రింగుకు బదులు గాలి ఉంటుంది. ఎక్కేవాడి బరువును బట్టి ఆ గాలి పట్టాలి. మస్తాన్ నా బరువు అడిగితే ఎనభై అయిదు కిలోలన్నాను. అతను నా పొట్ట వైపు చూసి, పక్కనున్న వేరుశనగ మండీలోని కాటా చూపించాడు.

"బ్యాగు, నీళ్లసీసాతో సహా ఎక్కన్నా. ఆ బరువు గూడా సైకిలే గదా మోసేది."

మూటలు తూచే కాటా మీద మనిషిని నిలబెడతారని నేనెన్నడూ అనుకోలేదు. హమాలీలు పని ఆపి చూస్తున్నారు.

"ఏమప్పా, సిగ్గా? మొన్న పెండ్లికొడుకునే ఎక్కిచ్చినాం!" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

నేను ఎక్కలేదు. "చెప్పిన బరువుకే గాలి పట్టు" అని కసిరాను. అతను అలాగే పట్టాడు. నా అసలు బరువు నూట ఎనిమిది. కోట కొండ దిగుతుంటే ఫోర్కు అడుగు దాకా కుంగి, గాలి పోకుండా ఆపే సీలు చినిగింది. నేను బోర్లా పడ్డాను.

నేను రాసింది చదివాక మావాళ్లెవరూ అతని దగ్గర ఆగలేదు. ఆదివారాలు కోట కొండకు వచ్చే మా సైకిళ్ల కోసమే అతను ఆ ఫోర్కుల పని నేర్చుకున్నాడు.

మొన్న వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆటో టైరు విప్పుతున్న మస్తాన్ తల ఎత్తలేదు.

"నిజం నాకేం చెప్తావన్నా? నాకు ఆపొద్దే తెలుసు. తెలీనోళ్లకు పోయి చెప్పు."