అత్తకు నేను మోసుకెళ్ళిన కబురు

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కావు, అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేసిన రోజుల్లోనే, నేను యూనివర్సిటీలో కమ్యూనికేషన్ చదువుతున్నానంటే వైరాలోని మా చుట్టాలంతా నన్ను ఫోన్లు బాగుచేసేవాడి కింద జమకట్టారు. ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు సిగ్నల్ రావడం లేదంటూ ఫోను నా చేతిలో పెట్టేవారు. (నేనూ దాన్ని ఆపి, మళ్ళీ ఆన్ చేసి ఇచ్చి పరువు నిలబెట్టుకునేవాణ్ణి.) మా పెద్దనాన్న ఒక్కడే అసలు అదేం చదువని శ్రద్ధగా అడిగాడు. మనుషులు ఒకరికొకరు విషయం ఎలా చెప్పుకుంటారో చదవడమని చెప్పాను. "మాట్లాడుడా? అది చిన్నగున్నప్పుడే నేర్చినవ్ గదరా, మళ్ళ గంత దూరం పోయి నేర్సుడేంది?" అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా, "మావోడు మాట్లాడుడు సదువుతుండు, శాన పెద్ద సదువు" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆఖరి సంవత్సరం సెలవులకు నేను ఇంటికొచ్చి ఉండగా, ఒకనాడు తెల్లవారుతూనే ఆ పెద్దనాన్న గుండె ఆగి చనిపోయాడు. ఆయనకు ఒక్కతే చెల్లెలు, మా మేనత్త. భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఊళ్ళో ఉంటుంది. పొద్దుగూకేలోగా శవాన్ని ఎత్తాలన్నారు పెద్దలు. ఆలోపు ఆమె వచ్చి అన్న ముఖం చూసుకోవాలి. మా ఇళ్ళలో తోడబుట్టినవాళ్ళకు చావు కబురు ఫోన్లో చెప్పరు. మనిషి వెళ్ళాలి. వెళ్ళిన మనిషి కూడా చెప్పకూడదు, పానం బాగాలేదని చెప్పి వెంట తీసుకురావాలి. ఎవరు వెళ్ళాలని అనుకుంటుంటే మా నాన్న ఏడుస్తూనే, "మాట్లాడుడు సదివినోడు ఇంట్లనే ఉన్నడు గద" అన్నాడు. అలా కిరాయి కారెక్కాను. (చేదు వార్తను సూటిగా, స్పష్టంగా చెప్పాలని మాకొక పాఠమే ఉంది. అందులో నాకు మంచి మార్కులు.) పద్ధతి సంగతి పక్కనపెట్టి అత్తకు నిజమే చెప్పేద్దామని దారిపొడుగునా వాక్యాలు కూర్చుకుంటూ వెళ్ళాను.

అత్త అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కారు వైపు చూసింది, నా వైపు చూసింది. "అన్న మంచిగున్నడా?" అంది. కూర్చుకున్న వాక్యాలన్నీ ఎటు పోయాయో తెలియదు. "జెరంత జొరం అత్తా, నిన్ను సూడాలంటుండు" అన్నాను. "జొరానికి కారేస్కొని వచ్చినవా?" అంది. "బస్సులు లెవ్వు అత్తా" అన్నాను. (అంటుండగానే ఇంటి ముందు నుంచి బస్సు వెళ్ళింది.) అత్త దాన్ని చూడనట్టే లేచి, "సరె, ముందు ఇంత తిను" అంది. వద్దన్నా వినలేదు. నాకూ డ్రైవర్‌కీ పప్పూ అన్నం పెట్టి, తనూ రెండు ముద్దలు తింది. ఈమెకు అనుమానమే రాలేదని నాలో నేను కాస్త గర్వపడ్డాను కూడా.

పాల్వంచ దాటాక డ్రైవర్ ఫోను మోగింది. అది కారు స్పీకర్లకు కలిపి ఉంది. మా నాన్న గొంతు కారంతా నిండిపోయింది. "ఐస్ బాక్స్ వచ్చింది. కొత్తగూడెంల దండలు తీస్కోండ్రి. అక్కకు మాత్రం చెప్పకుండ్రి." డ్రైవర్ గబుక్కున నొక్కేసి, "రాంగ్ నంబరమ్మా" అన్నాడు.

అత్త కిటికీలోంచి బయటికే చూస్తూ, "మా తమ్ముని గొంతు నాకెర్క లేదా బిడ్డా" అంది. "కారు జూడంగనే ఎర్కైంది. నువ్వు నోరు తెరిచి చెప్తె ఇగ ఇంట్ల మెతుకు ముట్టరాదు. నీ మొకం జూస్తె పొద్దటి సంది తిననట్టే ఉన్నది. అందుకే మళ్ళ అడగలె." అప్పుడు నా వైపు తిరిగింది. "ఇగ చెప్పు. ఒకలు చెప్పాలె గద. చెప్పకపోతె నేనెట్ల ఏడువాలె?"

నోరు తెరిచాను. "పెద్దనాయిన" అన్నంతవరకే వచ్చింది. ఆ తర్వాత వచ్చింది ఏడుపే. అంత పెద్దవాణ్ణి, ఆమె ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. అత్త నా వీపు నిమురుతూ చప్పుడు లేకుండా ఏడ్చింది. ముందు సీట్లో డ్రైవర్ కూడా ముక్కు తుడుచుకున్నాడు.

పొద్దు ఉండగానే ఇల్లు చేరాం. గడప దగ్గరే అత్త, "అన్నా, నాకు చెప్పకనే పోయినవా" అని కూలబడింది. (నటన కాదు. కారులో నా కోసం ఆపుకున్నదంతా అక్కడ బయటికొచ్చింది.) అన్న ముఖం రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసుకుంది. అంతా అయ్యాక ఎవరో, "దారిల నీకు అనుమానం రాలేదా?" అని అడిగారు. "లేదు. పిల్లగాడు గంత మంచిగ మాట్లాడిండు, గడప దాక నాకెర్కనే లేదు" అంది అత్త. అందరూ తలలూపుతూ నన్ను మెచ్చుకున్నారు. పెద్దనాన్న కాక మిగతా మావాళ్ళు నా చదువును మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఏడ్చి ఉబ్బిన కళ్ళతో, ఆ మెప్పు కాదనలేక తలొంచుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, పాపం. వింటే అందరికన్నా ఎక్కువగా మురిసిపోయే మనిషికి మాత్రం ఆ మాట వినపడలేదు.