మరిపెడ సంతకం

ఇల్లు మాదేనని చెప్పుకోవడానికి ఒక తెల్లకాగితం తప్ప ఇంకే ఆధారమూ లేకుండా కాశిబుగ్గలో మేము ఏడేళ్లు కాపురం చేశాం. ఆ కాగితం నా పెళ్లి పట్టుచీర మడతల్లో ఉండేది. నేను దాన్ని తీసి చూసినప్పుడల్లా మా ఆయన, అది ఎక్కడికి పోతుందే అని నవ్వేవాడు. కాగితం ఎక్కడికీ పోదు. పోతే మేమే పోవాలి. ఆ సంగతి ఆయనకు ఎందుకు పట్టదో అని నాకు ఒళ్లు మండేది.

ఇల్లు మా మామగారి తమ్ముడిది. నేను ఆయన్ని చిన్నమామ అనేదాన్ని, ఆయన భార్యను చిన్నత్త అనేదాన్ని. ముందు రెండు గదులు, వెనుక నడిమిల్లు, దొడ్లో బావి. రెండు పక్కలా మగ్గాలున్న ఇళ్లే కావడంతో తెల్లవారితే చెవుల్లో ఆ చప్పుడే. మాది నూలు దుకాణం, గిరాకీ చాలావరకు ఆ చుట్టుపక్కలదే. డెబ్బైల నడుమ చిన్నమామ వ్యాపారం మానుకుని ఇల్లు అమ్ముతానన్నప్పుడు, బయటివాళ్ల చేతికి పోవడం దేనికని మేమే కొన్నాం. ఇవ్వాల్సిందంతా అప్పుడే ఇచ్చేశాం. వాళ్లిద్దరూ బతికినంత కాలం ముందు గదిలోనే ఉండాలని మాట. నలుగురు పెద్దమనుషులు కూర్చుని, తెల్లకాగితం మీద రాయించి, సంతకాలు పెట్టించి, తలా ఒక సోడా తాగి లేచారు. మా వైపు అప్పట్లో చాలామంది అలాగే కొనుక్కునేవారు. అన్నదమ్ముల మధ్యయితే మరీను. రిజిస్ట్రీ మాట ఎత్తితే అవతలి మనిషి మీద నమ్మకం లేదన్నట్టే.

నేను ఎత్తాను, తలుపు చాటు నుంచి. చిన్నమామ నవ్వాడు.

"నేను బతికే ఉన్న గద బిడ్డా. ఆఫీసు యాడికన్న పోతదా?"

ఆఫీసు ఎక్కడికీ పోలేదు. ఆయనే పోయాడు, నాలుగేళ్లకు, దుకాణం ముందు అరుగు మీద చాయ్ తాగుతూ తాగుతూ. నేను బాగా ఏడ్చాను. మంచి మనిషి, నన్ను కోడలని ఎన్నడూ వేరు చేసి చూడలేదు. ఏడుస్తూనే రిజిస్ట్రీ సంగతి కూడా అనుకున్నాను. దాచడం దేనికి.

వాళ్లకు ఒక్కతే కూతురు. మరిపెడలో వ్యవసాయం ఉన్న ఇంటికి ఇచ్చారు. మా ఆయన కంటే పెద్దది, ఆయనకు అక్క, నాకు వదిన. పుట్టింటికి వస్తే మంచినీళ్లయినా తాగకముందే వంటింట్లోకి నడిచి, పొయ్యి మీది కూర మూత తీసి, రుచి చూసి, ఉప్పు వేసేది. మేము ఇల్లు కొన్నాక కూడా అలాగే వచ్చేది, అలాగే వేసేది. నా పొయ్యి, నా కూర, ఉప్పు మాత్రం ఈమెదా అని లోపల పళ్లు నూరుకుని, పైకి "కూసో వదినె" అనేదాన్ని.

చిన్నమామ పోయిన మరుసటేడు ఆమెకు ఒడిబియ్యం పోయాల్సిన ఏడు. పెళ్లయిన ఆడపిల్లను కొన్నేళ్లకోసారి పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికబట్ట ఆమె కొంగు ఒడిలో పోసి పంపుతాం. ఆ బియ్యాన్ని ఆమె అత్తగారింట్లో వండి వాడకట్టుకంతా పెట్టుకుంటుంది. నన్ను కన్నవాళ్లు నన్ను మరిచిపోలేదని నలుగురికీ చెప్పుకోవడం అది. పోయాల్సింది తల్లి. కానీ భర్త పోయిన మనిషి చేత ఆ రోజుల్లో పోయించేవారు కాదు. తోడబుట్టినవాడు లేడు కాబట్టి తమ్ముడన్నా మరదలన్నా ఆమెకు మేమే.

అప్పుడు నా చంకలో మూడు నెలల పిల్ల, దానికి కోరింత దగ్గు. ఆ వంక పెట్టుకున్నాను గాని, ఆమె వచ్చి నా వంటింట్లో తిరుగుతుందన్నదే నా అసలు బాధ. బియ్యం కలిపి, మంచి చీరే కొని, అన్నీ మూట కట్టి, మరిపెడ నుంచి నూలు కోసం వచ్చే గిరాకీ ఒకాయన చేతికిచ్చి బస్సెక్కించాను. నేను ముడి వేస్తుంటే చిన్నత్త గోడకు ఆనుకుని చూసింది. మా ఆయన మంచి పని చేశావన్నాడు. అంతటితో వదిన రావడం మానేసింది. ఏడాదికోసారి చిన్నత్తే పోయి కూతుర్ని చూసి వచ్చేది. నాకు ప్రాణం హాయిగానే ఉంది.

ఆ హాయి రెండేళ్లు సాగింది. ఒకరోజు మధ్యాహ్నం వడియాలు పెట్టడానికి బయటికి వస్తే, ఎవరో కొత్త మనిషి మా గోడ పొడవునా అడుగులో అడుగు వేస్తూ కొలుస్తున్నాడు. ఎవరు నువ్వని గదిమాను. ఆయన చేతులు జోడించి, మరిపెడ వాళ్లు ఇల్లు అమ్ముతారని తెలిసిందనీ, జర చూసిపోదామని వచ్చాననీ చెప్పాడు. ఇది మేము కొనుక్కున్న ఇల్లు అన్నాను.

"కాయితమున్నదా అమ్మా?" అని అడిగాడు, ఎంతో మర్యాదగా.

పిండి గిన్నె అక్కడే పెట్టేసి, పట్టుచీర మడతల్లో కాగితాన్ని తడిమి చూడ్డానికి లోపలికి పరుగెత్తాను.

ఆ సాయంత్రమే మా ఆయన్ని వకీలు దగ్గరికి లాక్కుపోయాను. ఆయన మా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీన్ని పట్టుకుని కోర్టుకు పోతే తీర్పు వచ్చేసరికి మీ పిల్లలకు పెళ్లిళ్లవుతాయి అన్నాడు. భార్యా కూతురూ ఇద్దరూ వచ్చి రిజిస్ట్రీ చేసిస్తే మాత్రం ఒక్కరోజు పని. ఆ పెద్దమ్మకు ఏమన్నా అయితే ఇల్లంతా కూతురి చేతిలోకి పోతుంది, తొందరపడండి అన్నాడు. చిన్నత్తకు అప్పటికే ఆయాసం. వారానికోసారి దవాఖాన. ఆమె దగ్గితే గ్లాసుడు వేడినీళ్లు పట్టుకుని పరుగెత్తేదాన్ని. కానీ ఆ పరుగులో ఆమె మీద ప్రేమ ఎంతో, ఆమె వేలిముద్ర మీద ఆశ ఎంతో నాకే తెలిసేది కాదు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా ఆయన రెండుసార్లు మరిపెడ పోయి వచ్చాడు. మొదటిసారి వదిన గారెలు చేసి పెట్టింది, పిల్లల చదువులు అడిగింది. ఈయన రిజిస్ట్రీ మాట తీయగానే బర్రెకు కుడితి పెట్టాలని లేచిపోయి, ఈయన బస్సు వేళ దాకా కొట్టంలోంచి బయటికి రాలేదు. రెండోసారి ఆమె ఇంట్లో లేదు. ఆమె భర్త, ఆడవాళ్ల పుట్టింటి సంగతుల్లో నేను తలదూర్చను బామ్మర్దీ అంటూనే, కాశిబుగ్గలో ఇప్పుడు గజం ఎట్లా పలుకుతోందని అడిగాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి మా ఆయన మంచం మీద కూలబడ్డాడు. అంతవరకూ కాగితం ఎక్కడికి పోతుందన్న మనిషి ఆ పూట అన్నం ముట్టలేదు.

మూడోసారి నేనే పోయాను. వర్ధన్నపేట దాకా నిలబడి, అక్కడ సీటు దొరికితే కూర్చుని, దారి పొడవునా ఆమెను కడిగిపారేయడానికి మాటలు పేర్చుకున్నాను. మీ నాయన మాట మీద నమ్మకంతో కొన్నాం, తల్లిని చూసుకుంటున్నది మేము, నీకేం అన్యాయం చేశామని. అన్నీ నిజాలే. అవన్నీ ఆమె వాకిట్లో నిలబడే ఒక్క గుక్కలో అనేశాను.

ఆమె మంచినీళ్లిచ్చి, లోపలికి పోయి, ట్రంకుపెట్టె తెరిచి ఒక మూట తెచ్చి నా ముందు పెట్టింది. నేను కట్టిన మూట. నేను వేసిన ముడి. బట్ట మీద సన్నటి పురుగులు పాకుతున్నాయి.

"ఒడిబియ్యం బస్సుల ఒస్తదా పిల్లా?" అంది. "కండక్టరు పోస్తడా నా ఒడిల?"

నేను పిల్ల దగ్గు సంగతి చెప్పాను.

"నీ బిడ్డకు దగ్గయితె నేనొచ్చి సూస్కోనా?" అంది. "మూట ఇప్పితె తీస్కున్నట్టయితదని ఇప్పలె. వాడకట్టంత అడుగవట్టిరి, ఒడిబియ్యం ఎప్పుడు వండుతవని. దుకాన్ల బియ్యం కొనుక్కొచ్చి వండి పెట్టిన. మా తమ్ముడు పోసిండని చెప్పిన."

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, ఏదో ఒకటి అని ఓదార్చేదాన్ని. బస్సులో పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. తప్పయింది అన్న ఒక్క మాట చాలు, అది నాలుక చివరి దాకా వచ్చింది, నా పొగరు దాన్ని బయటికి రానివ్వలేదు. సంతకానికి వస్తావా అని మాత్రం అడిగాను.

"వస్త. పెడ్తనో పెట్టనో, ఆడికొచ్చినంక నాకే తెల్వాలె."

నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చింది. తిరుగు ప్రయాణంలో సీటు దొరికింది, నిద్ర మాత్రం రాలేదు.

రిజిస్ట్రీ రోజు పొద్దున్నే చిన్నత్తను రిక్షాలో పట్టుకుని ఆఫీసుకు తీసుకుపోయాం. పదింటికి రావాల్సిన వదిన పదకొండయినా రాలేదు. పన్నెండయింది. ఆవరణలో చింతచెట్టు కింద దస్తావేజులు రాసేటాయన మా కాగితాలన్నీ సిద్ధం చేసి, గంటకోసారి మా వంక చూసి గడియారం వంక చూస్తున్నాడు. సార్ భోజనానికి లేస్తే మళ్లీ ఎప్పుడు కూర్చుంటాడో చెప్పలేనన్నాడు. చిన్నత్త బల్ల మీద ఒరిగి గాలి కోసం నోరు తెరుస్తోంది. ఆమెను ఇంటికి తీసుకుపోదామా అని మా ఆయన అడిగాడు. ఇంకాసేపు చూద్దాం అన్నాను. ఆ ఇంకాసేపు మరో గంటన్నర అయింది.

ఆమె భర్తతో కలిసి ఒంటిగంటన్నరకు వచ్చింది. దారిలో బస్సు ఆగిపోయిందట. నా వైపు చూడకుండా తల్లి పక్కన కూర్చుని, కొంగుతో ఆమె మొహం తుడిచింది. నేను తెచ్చిన సీసాలోని నీళ్లు మాత్రం అడిగి తీసుకుని తాగించింది.

లోపల ఆఫీసరు దస్తావేజు చదివి వినిపించాడు. చిన్నత్త వేలిముద్ర వేసింది. తర్వాత వదిన వైపు తిరిగి, ఈ ఇంటి మీద ఇకపై నీకు గాని నీ పిల్లలకు గాని ఏ హక్కూ ఏ సంబంధమూ ఉండదు, ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటున్నావా అమ్మా అని అడిగాడు.

ఆమె పలకలేదు. ఆయన మళ్లీ అడిగాడు. ఆమె భర్త పైన తిరిగే ఫ్యాను వంక చూస్తున్నాడు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, అంతమంది ముందు ఎన్నడూ పట్టుకోని మనిషి. గోడ వెంట అడుగులు కొలిచిన ఆ మర్యాదస్తుడు నా కళ్ల ముందు ఆడాడు. సామాను ఎక్కడికి మార్చాలి, దుకాణం ఏం కావాలి, పిల్లల్ని పట్టుకుని ఎక్కడుండాలి అని అప్పుడే లెక్కలు వేస్తున్నాను.

"ఇష్టమేనా అని అడుగుతున్రు. మా అమ్మను సూసుకుంటున్నరు, అందుకు పెడ్తాన్న" అంది. నాలుగో తరగతి దాకా చదివిన చేతితో పెద్ద పెద్ద అక్షరాలు దిద్దుతూ సంతకం పెట్టింది. వేలిముద్ర కూడా వేసింది. మా ఆయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

బయటికొచ్చాక నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. వంట చేసి పెట్టాను, పోదాం పదమన్నాను. బస్సున్నదని ఆమె అంది. రేపు పోవచ్చులే అన్నాను. ఆమె వేలికంటిన సిరాను చింతచెట్టు మొదలుకు రాస్తూ, నెమ్మదిగా అంది.

"పొద్దటి దాంక అది నా ఇల్లు పిల్లా. నీకు కోపమొచ్చినా వచ్చేదాన్ని. ఇగ పిలిస్తెనే రావాలె."

సంచీ భుజాన వేసుకుని, తల్లి కాళ్లకు దండం పెట్టి, భర్త వెనుక గేటు వైపు నడిచింది. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇన్నేళ్లూ అడక్కుండా నా గడప తొక్కే మనిషిని చూసి పళ్లు నూరుకున్నాను. ఇప్పుడు సర్కారు ముద్ర వేసి మరీ ఆమెను బయట నిలబెట్టాను.

మా వైపు ఆడమనిషిని పిలవాలంటే నోటి పిలుపు చాలదు, నుదుట బొట్టు పెట్టాలి. దస్తావేజులు రాసేటాయన బల్ల మీద దేవుడి పటం ముందు గిన్నెలో కుంకుమ ఉంది. ఆయన్ని అడగను కూడా అడగలేదు. చిటికెడు తీసుకుని పరుగెత్తాను. గేటు బయట రోడ్డు దాటబోతుంటే ఆమెను పట్టుకుని, చెమట పట్టిన నుదుట బొట్టు పెట్టాను.

"తప్పయింది వదినె. ఇంటికి రా."

"ఎప్పుడు?" అంది.

"ఇప్పుడే."

ఆమె భర్తను పొమ్మంది, బర్రెకు కుడితి మరిచిపోవద్దని చెప్పింది. చిన్నత్తను మధ్యలో కూర్చోబెట్టుకుని చెరో పక్కా ఇరుక్కుని రిక్షాలో ఇంటికొచ్చాం. మా ఆయన వెనుక నడుచుకుంటూ వచ్చాడు.

చిన్నత్తను దింపి, తాళం తీసి నేను ముందు లోపలికి నడిచాను. వెనుక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూస్తే వదిన తల్లి చెయ్యి పట్టుకుని గడప అవతలే నిలబడి ఉంది. ఆ ఇంట్లో పుట్టిన మనిషి, ఆ గడప మీద పాకి పెరిగిన మనిషి. నా మొహం చూస్తూ ఎదురుచూస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. "రా వదినె" అన్నాను. అప్పుడు లోపల కాలు పెట్టింది.