మా అత్త పంపిన సీసా

కడుపుతో ఉన్న కోడలికి మా అత్తవారి ఊళ్లో చేసే మర్యాద తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బెళుగుప్పకు మూడు మైళ్ల దూరంలో ఉండేది ఆ ఊరు. వానలు మొహం చాటేసి రెండేళ్లయింది. ఊరంతా జొన్న సంగటి, అదీ లేని ఇళ్లలో అంబలి. నాకు మాత్రం పూటపూటకూ వరన్నం, దాని మీద నెయ్యి, పక్కన బెల్లం ముక్క. ఆ బియ్యం కోసం మా మామ కణేకల్ కాలువ కింది ఊళ్లకు బండి కట్టించేవాడు. పెద్ద రైతు ఇంటి కోడలు కొర్రన్నం తిని బిడ్డను కంటే పరువు పోతుందట. ఆ ఇంటి పరువంతా నా కడుపులోనే ఉన్నట్టు రోజుకు నాలుగుసార్లు నింపేవాళ్లు.

అవి అరవయ్యో దశకం మొదటి రోజులు. నాకు ఇరవై రెండేళ్లు. అప్పటికే ఒక మగబిడ్డను పోగొట్టుకున్నాను. వాడు పుట్టగానే మంత్రసాని "ఏమప్పా, మూడు నెలల పిల్లోని మాదిరి ఉండాడే!" అని మురిసిపోయింది. ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి చూసి, ఎంత బొద్దుగా ఉన్నాడోనని బుగ్గలు నొక్కుకున్నారు. మధ్యాహ్నానికి వాడు పోయాడు. దిష్టి తగిలిందని తేల్చేశారు. బిడ్డ అంత లావు ఎందుకయ్యాడని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. లావుగా ఉంటే ఆరోగ్యం, సన్నగా ఉంటే రోగం. మా ఊరి వైద్యం అంతటితో సరి.

కాబట్టి రెండోసారి నెల తప్పినప్పుడు, ఈ బిడ్డయినా దక్కుతుందా అన్నదొక్కటే నా బెంగ. మా అత్తకూ అదే బెంగ. కాకపోతే ఆమె కాపలా అంతా దిష్టి మీదే. నా తలలోంచి రాలిన వెంట్రుకలు, నేను తీసుకున్న గోళ్లు ఆమే ఏరి పొయ్యిలో వేసేది. కడుపుతో ఉన్నదాని ఒంటి నుంచి వచ్చిందేదీ ఊరి పొలిమేర దాటకూడదట. దాటితే గిట్టనివాళ్లు దాంతో చేతబడి చేయిస్తారట. తాగడానికి నీళ్లు లేని ఊళ్లో, మా మీద చేతబడి చేయించేంత తీరిక ఎవరికుందో నాకైతే తెలియదు.

ఆరో నెలలో నాకు దాహం పట్టుకుంది. చెంబెడు తాగితే మళ్లీ చెంబెడు. తాగినదంతా వెంటనే పెరట్లోకి. సరిగ్గా అప్పుడే బెళుగుప్ప ఆస్పత్రి నుంచి మా ఊరికి ఒక నర్సమ్మ వచ్చిపోవడం మొదలైంది. కోస్తా నుంచి వచ్చిన నడివయసు మనిషి. నా కాళ్ల వాపు నొక్కి చూసి, ఒక చిన్న గాజుసీసా మా అత్త చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున్నే అమ్మాయి మూత్రం ఇందులో పట్టి, మీ అబ్బాయి చేత ఆస్పత్రికి పంపండి. పరీక్ష చేస్తాం" అంది.

మా అత్త బుద్ధిమంతురాలిలా తల ఊపింది. మరునాడు తెల్లవారగానే ఆ సీసా తీసుకుని తానే పెరట్లోకి పోయి, తన మూత్రం పట్టింది. దానికి గుడ్డ చుట్టి మా ఆయన చేతికిచ్చి బస్సెక్కించింది. ఆ మహాతల్లి మూత్రంలో చక్కెర ఎందుకుంటుంది? ఏమీ లేదన్నారు. ఆ కబురును మా ఆయన తానే పరీక్ష పాసైనట్టు మోసుకొచ్చాడు. ఆ సంతోషంలో నాకు ఇంకో రెండు బెల్లం ఓళిగలు తినిపించారు.

మళ్లీ నర్సమ్మ మా ఇంటికి వచ్చేసరికి నాకు ఎనిమిదో నెల. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి, బండ దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడ ఇన్ని చీమలేమిటండీ?"

"అది నా కోడలు ఒంటికి పొయ్యే చోటు గదమ్మా," అంది మా అత్త గర్వంగా. "తీపికి వస్తాండాయి. లక్ష్మీకళ! ఈసారి కూడా మొగబిడ్డే, సూడు."

నర్సమ్మ చీమల్ని వదిలి మా అత్త వైపు తిరిగింది. "మరి అప్పుడు సీసాలో ఎవరిది పంపారు?"

"నాదే." మా అత్త మొహంలో దొరికిపోయానన్న జంకు కూడా లేదు. "కడుపుతో ఉండేదానిది పొలిమేర యాడ దాటిస్తారమ్మా? ఎవురిదైతే ఏమి, ఇద్దరం ఒక కుండలోదే తింటాండాం గదా!"

నర్సమ్మ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. నన్ను లేవదీసి తనతోపాటు బస్సెక్కించుకుంది. ఆస్పత్రిలో నా ఎదుటే నీలం మందులో నా మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచింది. నీలం ఆకుపచ్చయి, ఆకుపచ్చ పసుపై, చివరికి ఇటుక రంగుకు తిరిగింది. ఒంట్లో చక్కెర విపరీతంగా ఉందని చెప్పి, మొదటి కాన్పు సంగతి అడిగింది. చెప్పాను. "ఆ బిడ్డకూ ఇదే అయ్యుంటుందమ్మా. ఇప్పుడేమో రెండు నెలలు ఊరికే పోయాయి" అంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దిష్టి తీసి పారేసిన ఎండుమిరపకాయలన్నీ గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది.

అనంతపురం పెద్దాస్పత్రిలో చేర్చారు. రోజూ సూదులు, జొన్నరొట్టె, ఆకుకూర. మా ఆయన వరండాలో నిలబడి, కనబడినవాళ్లనల్లా "ఇంగెన్ని దినాలు?" అని అడగడం తప్ప చేసింది లేదు. మా అత్త కొంగు చాటున చలిమిడి తెచ్చింది. చక్కెర జబ్బంటే చక్కెర తినకూడదు గానీ ఇది బెల్లమే గదా అని ఆమె వాదన. నర్సులు దాన్ని లాక్కుని బయట పారేస్తే, అన్నం పారేసిన పాపం తగులుతుందని వాళ్లనే శపించింది.

నెలలు నిండకముందే నొప్పులు తెప్పించారు. ఆడపిల్ల. మళ్లీ అదే లావు, అదే బుగ్గలు. కానీ ఏడవలేదు, ఒళ్లు చల్లబడిపోతోంది. మూడు రోజులు గ్లూకోజు నీళ్లు చుక్కలు చుక్కలుగా పోస్తూ బతికించారు. ఆ మూడు రోజులూ సీసా కథ వార్డంతా చెప్పాను. మా అత్త గొంతు అనుకరించి మరీ చెప్పాను. పక్క మంచం ఆవిడ నవ్వలేక పొట్ట పట్టుకునేది.

నాలుగో రోజు బిడ్డను నా పక్కన పడుకోబెట్టారు. అప్పుడే మా అత్త వచ్చింది. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె మొహం మీద అరిచాను.

"నీ సీసా వల్లనే నా బిడ్డ సావు దాకా పోయొచ్చింది!"

ఆమె ఏడవలేదు, తిట్టనూ లేదు. "నేను సదువు లేనిదాన్ని. నమ్మినా, చేసినా," అంది. "ఆ పొద్దు నువ్వు వంటింటి వాకిట్లో నిలబడి సూస్తాంటివి గదమ్మే. ఎనిమిది దాకా సదివినావు. వద్దత్తా అని ఒక్క మాట అనింటే, నేను ఆపేదాన్ని గదా?"

నిజమే, చూశాను. నా మూత్రం చేత్తో పట్టుకుని మొగుడు అంతమందిలో బస్సెక్కుతాడే అని నాకే సిగ్గేసింది. ఆమెది పోతే పోనీలే అనుకున్నాను. పక్క మంచం ఆవిడ నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది. నేను బిడ్డను దగ్గరికి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకున్నాను.